మోకాలి లోతు జలదారి

కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా తీరం వెంట ఒకప్పుడు పడవలు నడిచిన దారి ఉంది. పెద్ద బార్జీలకు అందులో నీళ్లు చాలవు, చిన్న పడవకు చాలాచోట్ల ఇప్పటికీ చాలు. ఆ దారితో కరువు సీమకు ఉన్న చుట్టరికం పాతది.

పటం మీద కదిరి దగ్గరి మన గాండ్లపెంట మీద స్కేలు పెట్టి నేరుగా తూర్పుకు గీత గీయండి. రాయచోటి పక్కగా పోతుంది, కొండలు దాటుతుంది, వెంకటగిరికి కాస్త ఉత్తరంగా సాగి, దాదాపు 200 కిలోమీటర్ల దగ్గర బంగాళాఖాతంలో దిగుతుంది. దిగే చోటు దుగరాజపట్నం పరిసరాలు. 1626లో ఇంగ్లిషు ఈస్టిండియా కంపెనీ కోఠీ పెట్టుకున్న ఊరది. మద్రాసుకు మకాం మార్చడానికి పదమూడేళ్ల ముందు సంగతి. వాళ్ల పటాల్లో దాని పేరు అర్మగాన్. తీరానికి ఎదురుగా నీళ్ల కింద పెద్ద ఇసుక మెట్ట ఉంది, సముద్రపు అలల జోరును అది చాలావరకు ఆపుతుంది. మెట్ట చాటున ఓడ నిలుస్తుంది. లోతు తక్కువ కావడం పడవవాళ్లకు ఎప్పుడూ శాపమే అనుకోనక్కర్లేదు.

ఆ దుగరాజపట్నానికి కిందుగానే పులికాట్ సరస్సు. దాని పక్క నుంచే, మొదట చెప్పిన పడవల దారిలో భాగమైన బకింగ్‌హామ్ కాలువ. కానీ మనం తిరిగి చూసిన నీళ్లెన్ని? ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే నేల, మద్దిలేరులో నీళ్లు పారితే చూడ్డానికి పోయే జనం మనది. పడవ ప్రయాణం మనకు సినిమాల్లోంచే వచ్చింది. ‘అందాల రాముడు’లో లాంచీ ఎక్కాం, ‘గోదావరి’లో మళ్లీ ఎక్కాం. తీరం వెంట పారే ఈ కాలువ మాత్రం ఏ సినిమాలోనూ మనల్ని పెద్దగా పిలవలేదు. దాని కథలో మాత్రం సీమ ఉంది.

ధాత కరువు నాటి గునపాలు

1806లో బేసిల్ కొక్రేన్ అనే దొర మద్రాసు నుంచి ఎన్నూరు దాకా కాలువ తవ్వించాడు. చాలాకాలం దాన్ని కొక్రేన్ కాలువ అనే పిలిచారు. తర్వాత పులికాట్‌ను తాకింది. 1837లో ప్రభుత్వం తీసుకుంది. అక్కడి నుంచి ముక్క ముక్కగా పెరిగింది: ఉత్తరాన బాపట్ల తీరంలోని పెదగంజాం దాకా, దక్షిణాన మరక్కాణం దాకా. మొత్తం సుమారు 420 కిలోమీటర్లు, అందులో 257 మన రాష్ట్రంలోనే.

మద్రాసు నగరం మధ్యలో కూవం, అడయారు నదులను కలిపే 8 కిలోమీటర్ల ముక్క ఒకటి మిగిలిపోయింది. దాన్ని తవ్వింది 1877, 78 సంవత్సరాల్లో. ఆ ఏళ్లు వింటే మన పెద్దలకు తెలిసేది కాలువ కాదు, ధాత కరువు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల్ని ఊడ్చిపెట్టిన కరువు. అప్పుడు కదిరి తాలూకా కడప జిల్లాలో ఉండేది. దక్షిణాదిలో ఆ కరువుకు, దాని వెంట వచ్చిన రోగాలకు 50 లక్షల మందికి పైగా పోయారని అంచనాలు. కరువు పనుల మీద ఖర్చు తగ్గించడానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877 జనవరిలో మగవాడి కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణాకు దించాడు. పౌనంటే అర కిలో కూడా కాదు. గునపం పట్టుకుని పొద్దుగూకేదాకా మట్టి తవ్వే మనిషికి అది ఒక పూట ముద్ద. గోల లేచాక పెంచక తప్పలేదు.

ఆ గునపాలు పట్టినవాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూకు. 1878లో కాలువకు ఆయన పేరు పెట్టారు. కూలి ఒకరిదీ పేరు ఒకరిదీ కావడం కొత్తేం కాదు గానీ, ఈ కాలువ దగ్గర అది మరీ కళ్లకు కొడుతుంది.

సీమలోనూ పడవల కోసం కాలువ తవ్వారని చెబితే చాలామంది నమ్మరు. తుంగభద్ర మీద సుంకేశుల ఆనకట్ట కట్టి, కర్నూలు నుంచి కడప దాకా దాదాపు 300 కిలోమీటర్లు సాగిన కేసీ కాలువ పని 1863లో మొదలైంది. సాగునీటికీ పడవలకూ రెండింటికీ పనికి రావాలనే మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ దాన్ని తలపెట్టింది. రైలు పట్టాలకన్నా కాలువలే దేశానికి మేలని జీవితమంతా వాదించిన ఆర్థర్ కాటన్ ఆలోచనల చలవ అది. కంపెనీ నష్టాల్లో మునిగింది, 1882లో ప్రభుత్వం కొనేసింది. పడవలు పోయాయి, వరి నిలిచింది. సీమ రైతు వైపు నుంచి చూస్తే ఆ బేరం తప్పు పట్టలేం.

తీరంలో మాత్రం కాటన్ కల చాలాకాలం నడిచింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి, కృష్ణా డెల్టాల కాలువలు ఒకదానికొకటి తగిలాయి. కాకినాడలో సరుకు ఎక్కించిన పడవ ధవళేశ్వరం వచ్చి, గోదావరి దాటి, విజ్జేశ్వరం లాకుల్లో దూరి, ఏలూరు కాలువలో బెజవాడ చేరేది. కృష్ణ దాటి దుగ్గిరాల, అక్కడి నుంచి కొమ్మమూరు కాలువలో పెదగంజాం, ఆ పైన ఉప్పునీటి బకింగ్‌హామ్ కాలువ పట్టుకుని మద్రాసు. 1899లో బెజవాడ, మద్రాసుల మధ్య రైలు నడిచేదాకా తీరం వెంట బరువులు కదిలించడానికి ఇదే పెద్ద దారి. రైలు వచ్చాక కూడా ఉప్పు, ధాన్యం, పొయ్యిలోకి సరుగుడు కట్టె పడవల మీదే పోయాయి. మద్రాసు వంటిళ్లలో శ్రీహరికోట అడవి కట్టె ఎన్నేళ్లు మండిందో!

ఈ పడవలకు ఇంజిన్లు లేవు. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు. లేకుంటే గెడ వేసి నెట్టేవారు. అదీ కుదరకపోతే మనుషులు గట్టెక్కి భుజానికి తాడు తగిలించుకుని లాగేవారు. కాలువ గట్టు మీద ఆ నడక దారి ఆనవాళ్లు ఇంకా కొన్నిచోట్ల కనిపిస్తాయి, సర్కారు కంప కమ్మేయని చోట.

1965, 66 తుపాన్లు కాలువను గట్టి దెబ్బ తీశాయి. పూడిక తీసే నాథుడు లేకపోయాడు. లారీలు వచ్చాయి. చెన్నైలో కాలువ పొట్టలోనే ఎత్తు రైలు స్తంభాలు లేచాయి. అంతటితో దారి మూసుకుపోయిందని అందరూ అనుకున్నాక, 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. తీరాన్ని దాటి వచ్చిన నీళ్లను ఈ కాలువ చాలాచోట్ల తనలోకి లాక్కుని, ఉత్తర దక్షిణాలకు పంచి, మళ్లీ మొగల (ఏరు సముద్రంలో కలిసే చోట్ల) గుండా సముద్రంలోకి వదిలింది. పడవలకు పనికిరాదన్న కాలువ ఆ రోజు ఊళ్లకు పనికొచ్చింది.

లోతు లేనిచోట నడక

లోతు నీళ్లలో పడవ నడపడం కన్నా లోతు లేని నీళ్లలో నడపడం కష్టం. సముద్రం మధ్యలో తప్పుదారి పట్టినా దిద్దుకోవచ్చు. ఇక్కడ నాలుగు బారలు పక్కకు జరిగితే అడుగు నేలకు కరుచుకుంటుంది. అందుకే ఈ నీళ్ల మనుషులు దారిని చూడరు, నీటిని చదువుతారు.

పులికాట్‌నే తీసుకోండి. చిలకా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. ఉత్తర దక్షిణాలుగా దాదాపు 60 కిలోమీటర్లు. ఎక్కువ భాగం మన వైపు, కొంత తమిళనాడులో. సగటు లోతు ఒక మీటరు! ఎండాకాలంలో ఉత్తరపు భాగం చాలావరకు ఎండి పర్రగా మారుతుంది. సముద్రానికీ సరస్సుకూ మధ్య శ్రీహరికోట. 1971 అక్టోబరు 9న మొదటి రాకెట్ ఎగిరిన దీవి. దాని పడమటి అంచున పాత కాలువ దారి. ఆకాశంలోకి పోయే బండ్లకు ఒక పక్క ఏర్పాట్లు జరుగుతుంటే, ఇంకో పక్క అదే నీళ్లలో మనిషి గెడ వేసుకుని రొయ్యలు పడుతుంటాడు.

తడ దగ్గర భీమునివారిపాళెం రేవు నుంచి ఇరకం దీవికి పడవలు తిరుగుతాయి. దీవి జనానికి పడవంటే బస్సే. కిరాణా సామాన్లు, బడి పిల్లలు, సైకిళ్లు అన్నీ అందులోనే. పక్షుల్ని చూడాలని పోయిన నేను దూరంగా తెల్లగా, గులాబీ అంచుతో కనిపించిన ఫ్లెమింగోల గుంపును చూపించి “అన్నా, ఆ పక్కకు పోనియ్యి” అన్నాను. పడవాయన నవ్వాడు.

“పోనిస్తే పోనిస్తా సార్. ఆడ నుంచి పడవని మనమే మోసుకు రావాల.”

పక్షి మేత మేస్తూ నిలబడ్డదంటే కింద మట్టి దానికి అందుతోందని అర్థం. దాని కాళ్లే ఆయనకు లోతు కొలిచే కర్ర. ఇంకా అడిగితే మెల్లమెల్లగా చెప్పుకొచ్చాడు. గాలికి అంతటా ఒకే తీరుగా సన్నటి అల లేస్తుంటే, ఒకచోట మాత్రం అల పొట్టిగా విరిగితే అక్కడ మెట్ట ఉంది. నీళ్లు ముదురు రంగుగా ఉంటే లోతు, లేత మట్టి రంగు తిరిగితే తక్కువ. వలల గూటాలు వరసగా పాతి ఉంటే ఆ వరస వెంటే పొమ్మని కాదు, దానికి దూరంగా పొమ్మని. వల మీద ఇంజిన్ రెక్క పడితే వల పోతుంది, రెక్క పోతుంది, ఊళ్లో మాట కూడా పోతుంది.

ఉప్పుటేరుల దగ్గర లెక్క మారుతుంది. పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది, రెండుసార్లు పాటు తీస్తుంది. మర్నాటికి ముప్పావుగంట, యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పున్నమి రోజుల్లో ఎక్కువ ఎత్తు, అష్టమి ప్రాంతంలో తక్కువ. పంచాంగం చూసి ముహూర్తం పెట్టుకునే మనకు ఇది తేలిగ్గానే పట్టుబడుతుంది. అసలు సూత్రం ఒకటే: లోతు తెలియని చోటికి నీళ్లు పెరుగుతున్నప్పుడే పోవాలి. పోటులో నేలకు తగిలితే కాసేపు ఆగితే నీళ్లే ఎత్తి పెడతాయి. పాటులో తగిలితే ఆ క్షణమే బయటపడాలి, లేకపోతే ఆరేడు గంటలు అక్కడే కూర్చోవాలి. పున్నమి పోటు నిండుగా ఉన్న ఘడియలో గట్టున ఎక్కించుకున్నవాడి గతి అన్నిటికన్నా అధ్వానం. అంత నీళ్లు మళ్లీ రావాలంటే అమావాస్య దాకా ఆగాలి.

తగిలిన పడవను ఇంజిన్ జోరు పెంచి ముందుకు నెట్టడం కొత్తవాళ్లు చేసే పని. ఇంజిన్ నీళ్లతో పాటు బురదా పీల్చుకుంటుంది, వేడెక్కి ఆగిపోతుంది. తెలిసినవాళ్లు ముందు ఇంజిన్ ఎత్తేస్తారు. ముందున్న జనాన్ని వెనక్కి జరగమంటారు. వచ్చిన దారినే గెడతో వెనక్కి నెడతారు. వచ్చిన దారిలో నీళ్లున్నాయని పడవే రుజువు చేసింది కదా. నీళ్లలో దిగి తోయాల్సి వస్తే ఉత్త కాళ్లతో దిగరు. ఆల్చిప్పల గుల్ల కత్తిలా కోస్తుంది, టేకు చేప తోక ముల్లు గుచ్చుకుంటే రాత్రంతా నిద్ర ఉండదు.

ఏటి వంపుల్లో లోతు ఎప్పుడూ బయటి గట్టు వైపు ఉంటుంది, లోపలి వైపు ఇసుక పేరుతుంది. కాలువలో నడిమికి పోవాలి. వాగు వచ్చి కలిసే చోట మాత్రం నడిమినే ఇసుక దిమ్మ కాచుకుని ఉంటుంది. పెన్న, స్వర్ణముఖి, గుండ్లకమ్మ, మూసి, పాలేరు, మన్నేరు, ఇవన్నీ ఈ కాలువకు అడ్డంగా సముద్రంలోకి పోయేవే. ప్రతి వరదకూ కాలువలో ఇంత మట్టి వేసి పోతాయి. నదిని దాటే చోట్ల రెండు పక్కలా లాకులు కట్టింది అందుకే. రెండు తలుపుల మధ్య పడవను నిలిపి, నీళ్లను పెంచో తగ్గించో అవతలి మట్టానికి సరిచేసి, రెండో తలుపు తీస్తారు. యంత్రం అక్కర్లేదు, చక్రం తిప్పే ఇద్దరు మనుషులు చాలు. నూటయాభై ఏళ్ల కిందటి ఆ పనితనం ఇప్పుడు చాలాచోట్ల తలుపులు ఊడిపోయి, గోడలు మాత్రం నిలిచి ఉంది.

మొగ సంగతి వేరే చెప్పాలి. ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట ఇసుక అడ్డుకట్ట నీళ్ల కింద దాగి ఉంటుంది. పాటు నీళ్లు బయటికి తోస్తుంటే, సముద్రపు గాలి లోపలికి తోస్తుంటే ఆ అడ్డుకట్ట మీద అలలు నిలువుగా లేస్తాయి. ఆ వేళ అక్కడికి పోకూడదు. అంతే. 2011 క్రిస్మస్ రోజున సరస్సుకు తమిళనాడు వైపున్న పళవేర్కాడు దగ్గర విహారానికి పోయిన పడవ బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయారు. లోతు తక్కువ కదా అన్న ధీమా ఇలాంటి చోటే ప్రాణం తీస్తుంది. మునగడానికి మనిషికి నిలువెత్తు నీళ్లు చాలు.

దిగడానికి మెట్టేది?

అమెరికా తూర్పు, దక్షిణ తీరాల్లో ఇలాంటి దారే ఒకటి ఉంది. ఇంట్రాకోస్టల్ వాటర్‌వే అంటారు. అట్లాంటిక్, మెక్సికో సింధుశాఖ తీరాలు కలిపి దాదాపు 4,800 కిలోమీటర్లు. సహజమైన ఉప్పుటేర్లనూ సరస్సులనూ తవ్విన కాలువలతో కలిపారు. చలి మొదలవగానే ఉత్తరాది జనం సొంత పడవల్లో దాని వెంట ఫ్లోరిడాకు దిగుతారు, ఎండలు వచ్చాక తిరిగిపోతారు. అక్కడి తెలుగువాళ్లలోనూ వారాంతంలో పడవ అద్దెకు తీసుకుని ఈ దారిలో తిరిగేవాళ్లకు కొదవ లేదు. అక్కడా ఇసుక పేరుతుంది, అక్కడా పడవలు నేలకు తగులుతాయి. మనకన్నా వాళ్లకు ఎక్కువగా ఉన్నది లోతు ఒక్కటే అనుకుంటే పొరపాటు. వాళ్లకు గుర్తులున్నాయి. సముద్రం వైపు నుంచి వస్తుంటే ఎర్ర బోయాలు కుడి చేతికి ఉండాలి అన్నది అక్కడి నియమం. మన దేశంలో అవే ఎర్ర బోయాలు ఎడమ చేతికి ఉండాలి. ప్రపంచం పడవల విషయంలో రెండు జట్లుగా చీలి ఉంది మరి. అమెరికాలో పడవ నేర్చుకుని వచ్చిన మన పిల్లలు ఇది గుర్తుంచుకోవాలి.

అన్నిటికీ మించి వాళ్లకు మెరీనాలున్నాయి. నీళ్లతో పాటు లేచి దిగే తేలే వంతెనలు, పడవ కట్టడానికి కొక్కేలు, కరెంటు, మంచినీళ్లు, డీజిలు, మరుగుదొడ్డి, స్నానాల గది. పడవ పొడవును బట్టి రాత్రికి ఇంతని అద్దె. రేడియోలో పిలిచి “ఇన్ని అడుగుల పడవ, ఇంత లోతు కావాలి, చోటుందా?” అని అడిగితే, ఉంటే ఫలానా నంబరులో కట్టుకోమంటారు. పడవ మనిషికి అది బస్టాండు, సత్రం, పెట్రోలు బంకు అన్నీ.

మన దేశంలో ఇలాంటిది చూడాలంటే కొచ్చి పోవాలి. బోల్గట్టి దీవిలో కేరళ పర్యాటక సంస్థ మెరీనా ఉంది. పడవలకు అలవాటు పడిన రాష్ట్రం కాబట్టి సాధ్యమైంది అంటారు గానీ, అలవాటు ఊరికే రాలేదు. కొల్లం, కొట్టప్పురం మధ్య దారిని 1993లోనే జాతీయ జలమార్గం చేశారు. 2023 ఏప్రిల్‌లో కొచ్చిలో వాటర్ మెట్రో మొదలైంది. అందులో నాకు పడవలకన్నా రేవులే నచ్చాయి. పోటు వచ్చినా పాటు తీసినా పడవ గడపా రేవు గడపా ఒకే మట్టంలో ఉంటాయి. చక్రాల కుర్చీలో ఉన్న మనిషి కూడా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కగలడు.

మన తీరంలో? విజయవాడలో భవానీ ద్వీపం పడవలున్నాయి. దిండిలో హౌస్‌బోట్లున్నాయి. కాకినాడలో పెద్ద ఓడలు దూరాన లంగరేసి నిలిస్తే బార్జీలు సరుకు చేరవేసే లంగరు రేవుంది. నిజాంపట్నం, జువ్వలదిన్నె లాంటి చేపల రేవులున్నాయి, అవి వేటకు పోయేవాళ్లవి. విహారానికి పోయేవాడు అక్కడ అడ్డం తగలకూడదు. పెదగంజాం నుంచి పులికాట్ దాకా చిన్న పడవలో పోదామనుకున్న మనిషికి మాత్రం పడవ కట్టుకుని, కాళ్లకు బురద అంటకుండా గట్టెక్కే చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మోటుపల్లి ఇదే తీరంలో ఉంది. 13వ శతాబ్దిలో కాకతి గణపతిదేవుడు సముద్రం మీద వచ్చే వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించిన రేవు. రేవుకు వచ్చినవాడిని ఆదరించాలన్న బుద్ధి మనకు అప్పుడే ఉంది.

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనడం అన్యాయం. 2008లో కాకినాడ, పుదుచ్చేరి కాలువలనూ గోదావరి, కృష్ణా భాగాలనూ కలిపి 1,078 కిలోమీటర్లను నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. 2016 చట్టంతో అది ఇంకా పొడవైంది. 2017 అక్టోబరులో ముక్త్యాల, విజయవాడల మధ్య కృష్ణలో తొలిదశ పనులకు శంకుస్థాపన జరిగింది. చిక్కు ఎక్కడంటే, అనుకున్నదంతా పెద్ద బార్జీల చుట్టూ అనుకున్నారు. బార్జీ పోవాలంటే లోతు కావాలి, వెడల్పు కావాలి, తక్కువ ఎత్తు వంతెనలన్నీ లేపి కట్టాలి, లాకులన్నీ కొత్తవి పెట్టాలి, ఆక్రమణలు తీయాలి. డెల్టా కాలువలు వేసవిలో మరమ్మతులకు కట్టేస్తారు, అప్పుడు ఏం చేయాలో తేల్చాలి. ఇవన్నీ అయ్యేదాకా దారి తెరవకపోతే ఎప్పటికీ తెరవరు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. బార్జీ కలను పక్కన పెట్టి, అడుగున్నర నీళ్లలో తేలే చదునడుగు పడవకు ముందు దారి ఇవ్వాలి. దానికి పూడికతీత నౌకలు అక్కర్లేదు. పాతిక ముప్పై కిలోమీటర్లకు ఒక చిన్న తేలే రేవు, ఒక కుళాయి, ఒక మరుగుదొడ్డి, లోతు గుర్తులు రాసిన గూటాలు, ఎక్కడ వల ఉంటుందో ఎక్కడ వంతెన తక్కువో చెప్పే పటం ఉంటే చాలు. చిన్న ఇంజిన్ పడవ గంటకు ఎనిమిది, పది కిలోమీటర్లు పోతుంది కాబట్టి ఒక రేవు నుంచి ఇంకో రేవుకు పూట ప్రయాణం. దారి చూపే పని అక్కడి మత్స్యకారులకూ యానాదులకూ ఇవ్వాలి. శ్రీహరికోట అడవీ పులికాట్ నీళ్లూ యానాదులకు తెలిసినంతగా ఏ ఉపగ్రహానికీ తెలియదు.

పర్యాటకం వస్తే మురుగు వస్తుంది, సంగీతం మోత వస్తుంది, పక్షులు పోతాయి అనే భయం ఉంది. సరైన భయమే. పులికాట్ మన వైపు పక్షుల అభయారణ్యం, అటవీశాఖ మాటే చెల్లాలి. డీజిల్ పొగ చిమ్మే డీజే పడవలు వద్దు. గెడ పడవ, తెరచాప, బ్యాటరీ మోటారు చాలు. అయితే రొయ్యల చెరువుల నీళ్లు కాలువలోకి వదులుతున్నప్పుడు, గట్లు కలిపేసుకుంటున్నప్పుడు లేని పట్టింపు పడవ పేరు ఎత్తగానే రావడం విడ్డూరం. మనుషులు తిరిగే కాలువను ఆక్రమించడం కష్టం. అదొక్కటే చాలు పడవలు తిరగాలని కోరుకోవడానికి.

సరస్సు ఆరోగ్యానికి కూడా పడవ దారే సాక్షి. సముద్రంతో కలిపే మొగలు పూడిపోతే ఉప్పు, తీపి నీళ్ల తూకం చెడుతుంది. చేప తగ్గుతుంది, రొయ్య తగ్గుతుంది. రాయదొరువు దగ్గర మొగ తెరిపించాలని మత్స్యకారులు ఏళ్లుగా అడుగుతున్నది అందుకే. ఆ పని వాళ్ల కోసం ముందు జరగాలి. మన విహారం తర్వాత.

పోయేవాళ్లకు

కదిరి నుంచి పాకాల మీదుగా తిరుపతికి రైలుంది. తిరుపతి నుంచి బస్సులో సూళ్లూరుపేట, అక్కడి నుంచి తడ. నవంబరు, డిసెంబరు తుపాన్ల నెలలు, ఆగండి. సంక్రాంతి తర్వాత నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా నీళ్లుంటాయి, పక్షులుంటాయి, ఎండ ముదరదు. పొద్దున్నే పోండి, మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక లోతు లేని సరస్సులో అల పొట్టిగా, గట్టిగా కొడుతుంది. రాకెట్ ప్రయోగం ఉన్న రోజుల్లో ఆ చుట్టుపక్కల ఆంక్షలుంటాయి, ముందే కనుక్కోండి. ఇరకం జనంతో పాటు వాళ్ల పడవలోనే పోండి, బడి పిల్లలు ఎక్కాకే మీరు ఎక్కండి.

హంద్రీ నీవా నీళ్లు మనవైపు వచ్చాక, కదిరి దగ్గర చెర్లోపల్లి జలాశయం నిండాక, మన పిల్లలకు కూడా లోతు నీళ్లు దగ్గరయ్యాయి. ఈత నేర్పించండి. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర లాంచీ మునిగినప్పుడు బతికి బయటపడ్డవాళ్లలో లైఫ్ జాకెట్ వేసుకున్నవాళ్లే ఎక్కువ. పడవాయన ఎంత మంచివాడైనా, నీళ్లు మోకాలి లోతే అని ఎంత చెప్పినా, లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎక్కకండి. ఇచ్చాక ఒళ్లో పెట్టుకుని కూర్చోకండి, వేసుకుని తాళ్లు బిగించుకోండి.